ఒమేగా రైల్‌మాస్టర్ 1957: ధరలో గడియారం ఎంత, అంకె ఎంత

ఒమేగా కంపెనీ 2017లో రైల్‌మాస్టర్ పేరుతో రెండు చేతి గడియారాలు తెచ్చింది. ఒకటి ఎందరు అడిగితే అన్ని చేసి అమ్మేది, కేసు వెడల్పు 40 మిల్లీమీటర్లు. రెండోది 1957 నాటి తొలి రైల్‌మాస్టర్‌ను కొలతలతో సహా మళ్ళీ చేసినది, 38 మిల్లీమీటర్లు, మొత్తం 3,557 మాత్రమే. లోపల తిరిగే యంత్రం రెండింటిలోనూ ఒక్కటే, దాని నంబరు 8806. అప్పటి అమెరికా ధరల్లో మొదటిది ఐదు వేల డాలర్లకు అటూ ఇటూగా, రెండోది ఏడు వేలకు కాస్త దిగువన ఉండేవి. యంత్రం ఒకటే అయినప్పుడు మధ్యలో ఉన్న సొమ్ము దేనికి?

ఆ సొమ్ము ఇచ్చి నేను రెండోదాన్నే కొన్నాను. కొన్నప్పటి నుంచి రోజూ పెట్టుకుంటున్నాను. మాది భీమవరం. పన్నుల లెక్కలు చూడటం నా వృత్తి. రొయ్యల రైతులు, మేత డీలర్లు, ఐసు ఫ్యాక్టరీల వాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఏ ఖర్చును దేని కింద రాయాలో వాళ్ళకు చెప్పడమే నా పని కాబట్టి, ఈ గడియారం ధరను కూడా అలాగే విడదీసి చూడటం నాకు అలవాటైపోయింది. పాతకాలపు రూపంతో, పరిమిత సంఖ్యలో, లక్షల ధరతో వచ్చే గడియారాల మీద ఆశ ఉండి, అంత ఇవ్వవచ్చా అని తటపటాయించే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు అసలు రైల్‌మాస్టర్ సంగతి. 1957లో ఒమేగా ఒకేసారి మూడు పనివాళ్ళ గడియారాలు విడుదల చేసింది. నీళ్ళలో దిగేవాళ్ళకు సీమాస్టర్ 300, పందెపు కార్ల వేగం లెక్కపెట్టేవాళ్ళకు స్పీడ్‌మాస్టర్, విద్యుత్ యంత్రాల మధ్య పనిచేసేవాళ్ళకు రైల్‌మాస్టర్. కీ వాచీలో గుండెకాయ లాంటిది హెయిర్ స్ప్రింగ్. వెంట్రుకంత సన్నని ఆ ఉక్కు తీగకు అయస్కాంతం సోకితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు స్ప్రింగ్ పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది, గడియారం పరుగు అందుకుంటుంది. రైలింజన్ల దగ్గర, కరెంటు కేంద్రాల్లో, ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ళకు ఇది రోజువారీ బాధ. అందుకని రైల్‌మాస్టర్ యంత్రాన్ని మెత్తని ఇనుముతో చేసిన లోపలి తొడుగులో బంధించారు. అయస్కాంత శక్తి ఆ ఇనుము గుండా చుట్టూ తిరిగి పోతుంది, యంత్రం దాకా రాదు. అయస్కాంత శక్తిని కొలిచే గాస్ లెక్కలో వెయ్యి వరకు తట్టుకునేది. కానీ ఇంత ప్రత్యేకమైన అవసరం ఉన్నవాళ్ళు ఎందరుంటారు? 1963లో దాని తయారీ ఆగిపోయింది. తక్కువ చేశారు కాబట్టే ఈనాడు అసలు 1957 గడియారం వేలంలోకి వస్తే సంపన్న సేకర్తలు పోటీ పడతారు.

అరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2017లో ఆ మూడింటినీ మళ్ళీ చేశారు. భద్రపరచిన పాత గడియారాలను స్కానింగ్ యంత్రంలో పెట్టి కొలతలు తీశారు. ఒక్కో రకం 3,557 చొప్పున చేశారు. మూడూ కలిపి ఒకే పెట్టెలో ఇచ్చినవి 557. నేను మూడింటిలో రైల్‌మాస్టర్‌నే ఎంచుకోవడానికి కారణం ఆ పేరే. మా నాన్నగారు స్టేషన్ మాస్టరు. నిడదవోలు నుంచి భీమవరం వచ్చే లైనులో అత్తిలి, రేలంగి లాంటి చిన్న స్టేషన్లలో ఎక్కువ కాలం పనిచేశారు. మా అమ్మమ్మగారి ఊరు వాళ్ళు పెళ్ళిలో ఆయనకు పెట్టినది హెచ్‌ఎంటీ జనతా. మన జిల్లాల్లో ఆ కాలపు పెళ్ళిళ్ళలో అల్లుడికి వాచీ పెట్టడం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఉంగరం బరువు మరిచిపోయినవాళ్ళు కూడా వాచీ కంపెనీ పేరు మరిచిపోయేవారు కాదు. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ గడియారాల తొలినాటి రకాల్లో జనతా ఒకటి. రోజూ ఉదయం స్నానం చేసి, విభూతి పెట్టుకుని, దానికి కీ ఇచ్చిన తర్వాతే నాన్నగారు డ్యూటీకి బయలుదేరేవారు.

ఆయన తర్వాత ఆ జనతా నా చేతికి వచ్చింది. కొన్నాళ్ళకు రోజుకు పది పన్నెండు నిమిషాలు ముందుకు పోవడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో ఒక పాత మెకానిక్ ఉన్నారు. ఆయన వెనుక మూత కూడా తీయలేదు. పక్కన చిన్న దిక్సూచి పెట్టారు. ముల్లు గిర్రున తిరిగింది. "అమ్మాయి గారూ, మీ హ్యాండ్‌బ్యాగుకు అయస్కాంతం గుండీ ఉందా?" అని అడిగారు. ఉంది. అయస్కాంతం పోగొట్టే చిన్న పరికరం మీద గడియారాన్ని ఒకసారి దాటించి ఇచ్చేశారు. మర్నాటి నుంచి సరిగ్గా నడిచింది. రైలింజన్ల పక్కన నాన్నగారి దగ్గర పాడుకాని వాచీ నా హ్యాండ్‌బ్యాగు పక్కన పాడైంది. ఈ రోజుల్లో అయస్కాంతం లేని చోటు ఎక్కడుంది? ఫోను స్పీకరులో, లాప్‌టాప్ మూతలో, చెవిలో పెట్టుకునే వాటి డబ్బాలో, ఫ్రిజ్ తలుపులో, అన్నిట్లో అదే. అందుకే కొత్త రైల్‌మాస్టర్‌లో నాకు మొదట నచ్చినది దాని పాత రూపం కాదు, లోపలి యంత్రం. 8806లో హెయిర్ స్ప్రింగ్ ఉక్కుది కాదు, సిలికాన్. మిగతా భాగాలు కూడా అయస్కాంతం పట్టని లోహాలతో చేశారు. ఇనప తొడుగు అక్కర్లేదు. స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ మెటాస్ పరీక్షలో 15,000 గాస్ వరకు తట్టుకున్నట్టు ధ్రువపత్రం ఉంటుంది. వెయ్యికి మురిసిపోయిన కాలం నుంచి పదిహేను వేలకు వచ్చారు. పాత రూపం వేసుకున్న గడియారాల్లో చాలా వాటికి లోపల చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. దీనికి ఉంది, అదీ పేరుకు తగినది.

సమయం విషయంలో ఫిర్యాదు లేదు. మెటాస్ నియమం ప్రకారం రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్ల వరకు ముందుకు పోవచ్చు, వెనకబడకూడదు. నాది ఆ హద్దులోనే ఉంటోంది. పూర్తిగా కీ ఇస్తే 55 గంటలు నడుస్తుంది. శనివారం రాత్రి తీసి బల్ల మీద పెడితే సోమవారం ఉదయం ఆఫీసు వేళకు తిరుగుతూనే కనిపిస్తుంది. తేదీ గడి లేదు. 1957 దానికీ లేదు. తేదీ కోసం డయల్‌లో కన్నం పెట్టి ఉంటే ఆ నల్లని పళ్ళెం నిండుదనం పోయేది. నెలలో ఏ తేదీన ఏ రిటర్ను దాఖలు చేయాలో నాకు గడియారం చెప్పనక్కర్లేదు.

ఇక రూపం. నల్లని డయల్, దాని లోపలికి దిగినట్టున్న గుర్తులు, 12, 3, 6, 9 మాత్రం అంకెలు. మీద కాస్త ఉబ్బుగా ఉన్న నీలమణి గాజు. పక్క నుంచి చూస్తే అంచున వెలుతురు వంగి కనిపిస్తుంది. 38 మిల్లీమీటర్లు అనేది చాలామంది మగవాళ్ళకు ఇప్పుడు చిన్నదిగా తోస్తుంది. నాకు అదే సరైన కొలత. మామూలు రైల్‌మాస్టర్ 40 నా మణికట్టు మీద పెట్టి చూశాను. పట్టీ తగిలించే కొమ్ములు రెండు వైపులా ఎముక దాటి బయటికి వచ్చాయి. రెండు మిల్లీమీటర్ల తేడా కాగితం మీద ఏమీ కాదు, చేతి మీద చాలా. ఆడవాళ్ళ గడియారాలంటే రాళ్ళు పొదిగిన చిన్న బ్యాటరీ వాచీలే అని కంపెనీలు అనుకున్నంత కాలం, మంచి యంత్రం కావాలనుకున్న ఆడవాళ్ళకు ఈ పాత కొలతల గడియారాలే దిక్కు. వీటి ఆకర్షణ గురించి మాట్లాడేవాళ్ళు జ్ఞాపకాలు, పాత రోజులు అంటారు కానీ ఈ మాట చెప్పరు. పాతకాలం వాళ్ళు గడియారాన్ని మనిషి చేతికి తగ్గట్టు చేశారు.

సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన మా మరిది, "వదినా, ఇది మీ నాన్నగారి వాచీయేనా?" అని అడిగాడు. అతని చేతికి బంగారు రంగు చెయినుతో 44 మిల్లీమీటర్ల పెద్ద గడియారం ఉంది. పండగ మూడు రోజులు మా వైపు అలాంటివి చాలా చేతుల మీద కనిపిస్తాయి. వాటిని నేను తక్కువ చేయను. చెరువు పండిన ఏడాది చేతి మీద చూపించుకోవడం మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. వైరస్ వచ్చి చెరువు పోయిన ఏళ్ళు వాళ్ళు ఎలా గడిపారో నా దగ్గరున్న లెక్కలే చెబుతాయి. అయితే అలా చూపించుకోవడానికి ఈ గడియారం పనికిరాదు. దీని ధర ఎవరికీ కనపడదు. చూసినవాళ్ళకు ఇది ఇంట్లో తరతరాలుగా ఉన్న వస్తువులా కనిపిస్తుంది. నాకు కావలసింది అదే. మీకు కావలసింది అది కాకపోతే ఇంత డబ్బు దీని మీద పెట్టకండి.

నాకు నచ్చనిది ఒకటుంది. పాత గడియారాల ముళ్ళ మీద, గుర్తుల మీద పూసిన రేడియం, ఆ తర్వాతి కాలంలో ట్రిటియం, ఏళ్ళు గడిచేకొద్దీ లేత పసుపుకు, గోధుమ రంగుకు తిరిగేవి. కొత్తదానిలో వాడింది రేడియోధార్మికత లేని సూపర్ లూమినోవా. వెలుతురు పీల్చుకుని చీకట్లో మెరుస్తుంది. దానికి ముందే మీగడ రంగు కలిపి, అరవై ఏళ్ళ వయసు ఉన్నట్టు కనిపించేలా చేశారు. ఈ పద్ధతి ఇప్పుడు చాలా కంపెనీలు పాటిస్తున్నాయి, చాలామందికి నచ్చుతుంది కూడా. నాకు మాత్రం 1957లో దుకాణం నుంచి బయటికి వచ్చిన రోజున అది ఎలా ఉండేదో అలా తెల్లగా ఇవ్వాల్సిందని అనిపిస్తుంది. పాత గడియారాన్ని స్కానింగ్ చేసి మరీ కొలతలు తీసినవాళ్ళు రంగు విషయంలో మాత్రం కాలం చేసిన పనిని తామే చేశారు. గీతలు, మరకలు, రంగు మార్పు నా చేతి మీద, నా కాలంలో రావాలి. మా నాన్నగారి జనతా గాజు మీద ఉన్న ప్రతి గీతకూ ఒక స్టేషన్ ఉంది.

ఇప్పుడు ధర. నేను ఇచ్చింది నాలుగు లక్షల పైమాటే. ఇందులో మొదట పన్ను తీసి పక్కన పెట్టాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు చేతి గడియారాలు 28 శాతం శ్లాబులో ఉన్నాయి. అదే ఏడాది నవంబర్ 15 నుంచి 18 శాతానికి తగ్గించారు. 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. దిగుమతి విలువ వంద రూపాయలనుకోండి. జీఎస్టీ తొలి నెలల్లో సుంకం, సెస్సు, జీఎస్టీ అన్నీ కలిపి అది సుమారు 141 రూపాయలయ్యేది. నవంబర్ తర్వాత 130కి దిగింది. బడ్జెట్ తర్వాత 144కు చేరింది. మధ్యలో ఉన్న ఆ రెండున్నర నెలల్లోనే నేను కొన్నాను. ఇది దుకాణం రాసిన ధర మీద వేసే లెక్క కాదు, దిగుమతి విలువ మీద. డీలరు లాభం దాని పైన కలుస్తుంది. అయినా మన దేశంలో స్విస్ గడియారం కొనేవాళ్ళు ఇచ్చే ప్రతి లక్షలో గణనీయమైన భాగం గడియారానికి సంబంధం లేనిదని గుర్తుంచుకోవాలి. ఈ పరిస్థితి మెల్లగా మారుతోంది. స్విట్జర్లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా వాణిజ్య కూటమితో 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ గడియారాల మీద సుంకం ఏడేళ్ళలో దశలవారీగా తగ్గుతుంది. తొందర లేనివాళ్ళు ఈ సంగతి లెక్కలో పెట్టుకోవచ్చు.

పన్ను పోగా మిగిలినదాంట్లో యంత్రం విలువ ఎంతో మామూలు రైల్‌మాస్టర్ ధరే చెబుతుంది. యంత్రం అదే, పరీక్షలు అవే, కంపెనీ పేరు అదే. కాబట్టి అదనంగా ఇచ్చే ఆ రెండు వేల డాలర్లలోపు సొమ్ము మూడింటికి: పాత కొలతల కేసు, పాత రూపపు డయల్, 3,557 అనే అంకె. మొదటి రెండింటికీ నేను సంతోషంగా డబ్బిస్తాను. ప్రత్యేకమైన కేసు, ప్రత్యేకమైన డయల్ కొద్ది సంఖ్యలో చేస్తే ఒక్కోదానికి ఖర్చు పెరగడం న్యాయమే. మూడోదానికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వను.

ఎందుకంటే, మా దగ్గర రొయ్యలను కౌంటుతో అమ్ముతారు. కిలోకు ముప్పై తూగితే 30 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ అంకె రొయ్య పరిమాణాన్ని చెబుతుంది కనుక అందులో అర్థం ఉంది. గడియారం మీద వేసే అంకె సరుకు గురించి ఏమీ చెప్పదు. 3,557లో 57 ఉండాలని ఎంచుకున్నారు, అంతే. అది చిన్న సంఖ్య కూడా కాదు. ఒక్క రైల్‌మాస్టర్ రకమే ఏడు వేల డాలర్లకు కాస్త తక్కువ చొప్పున లెక్క వేస్తే రెండున్నర కోట్ల డాలర్లకు దగ్గరగా వస్తుంది. మూడు రకాలూ కలిపితే పది వేలు దాటిన గడియారాలు. అయినా ఆ అంకె బలంగా పనిచేస్తుంది. 2017 జనవరిలో ఒమేగా 2,012 స్పీడ్‌మాస్టర్లను ఇంటర్నెట్ ద్వారా అమ్మకానికి పెడితే నాలుగుంపావు గంటల్లో అన్నిటికీ పేర్లు నమోదైపోయాయి. చేతిలోకి తీసుకుని చూడకుండానే జనం కొన్నారు. అంకె చేసే పని ఇదే. ఆలోచించే వ్యవధి తీసేస్తుంది.

దుకాణంలో నాకు ఇది ఎదురైంది. హైదరాబాద్‌లో పేరున్న చోటు. మా వారూ నేనూ వెళ్ళాం. కౌంటరు దగ్గరున్న అబ్బాయి ధర, హామీ, యంత్రం, అన్నీ మా వారి వైపు తిరిగి చెప్పాడు. నా ముందు రాళ్ళ డయల్ ఉన్న చిన్న బ్యాటరీ వాచీల పళ్ళెం పెట్టాడు. నేను రైల్‌మాస్టర్ అడిగాక, "మేడం, రెండు రాష్ట్రాలకూ ఇదొక్కటే మిగిలింది, సాయంత్రానికి ఉంటుందో లేదో" అన్నాడు. నాలుగు లక్షలు పెట్టే మనిషికి ఇలాంటి మాట చెప్పడం మర్యాద కాదు. ఆ సంగతి వాళ్ళ ముందే చెప్పాను. అప్పుడు ఆ దుకాణంలో పెద్ద ఉద్యోగి ఒకావిడ వచ్చి కూర్చోబెట్టారు. రెండు రైల్‌మాస్టర్లనూ పక్కపక్కన పెట్టి, నాకు ఎంతసేపు కావాలంటే అంతసేపు వదిలేశారు. చెయిను లింకులు తీయించి నా మణికట్టుకు సరిచేయించారు. మామూలుదాని మీద ధర తగ్గిస్తామన్నారు, పరిమిత సంఖ్యదాని మీద తగ్గింపు లేదన్నారు. అంటే అంకె కోసం మనం ఇచ్చేది ధర పట్టికలో కనిపించే తేడా కంటే నిజంగా ఎక్కువే. ఇది ఎక్కడ కొన్నా అడిగి తెలుసుకోవలసిన విషయం. ఆవిడ ఓపిక లేకపోతే నేను కొనకుండానే వచ్చేసేదాన్ని.

చెల్లింపు గురించి మా ఊరి వాళ్ళకు ఒక మాట. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి. ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం అమ్మేవాడికి చట్టవిరుద్ధం. చెరువు పట్టిన డబ్బు సంచిలో తెచ్చి ఇస్తామంటే మంచి దుకాణం ఒప్పుకోదు, ఒప్పుకునే దుకాణంలో కొనకూడదు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారాలకు ఒక శాతం టీసీఎస్ (కొనేవాళ్ళ పేరు మీద అమ్మేవాళ్ళు ముందే పట్టి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి భయపడనక్కర్లేదు.

మా నేల మీద ఈ గడియారం ఎలా ఉంటుందన్నది ఏ విదేశీ సమీక్షలోనూ దొరకదు. గోదావరి డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్క. తోలు పట్టీ వేస్తే చెమటకు నల్లబడి, వాసన పట్టి, కుట్ల దగ్గర చీలిపోతుంది. పాత రూపానికి తోలు పట్టీ అందమే, కానీ డిసెంబరు, జనవరిలో తప్ప నేను వేయను. వేసవిలో ఉతుక్కునే గుడ్డ పట్టీ, మిగతా రోజుల్లో స్టీలు చెయిను. నీటి విషయంలో ఇది 60 మీటర్ల దాకా అని రాసి ఉంటుంది. చేతులు కడుక్కోవడానికి, వానలో తడవడానికి అది చాలు. మామూలు రైల్‌మాస్టర్‌కు 150 మీటర్లు. చెరువుల సరుకు లెక్క చూడటానికి ఆకివీడు, కాళ్ళ ఊళ్ళ వైపు వెళ్ళినప్పుడు నేను దీన్ని తీసి బ్యాగులో పెడతాను. బ్లీచింగు, ఉప్పునీరు కలిసిన చోట రబ్బరు సీళ్ళు త్వరగా దెబ్బతింటాయి. రోజూ చెరువు గట్టు మీద ఉండేవాళ్ళకు నేను మామూలుదాన్నే సిఫారసు చేస్తాను, ఆ 150 మీటర్ల కోసమే.

సర్వీసు సంగతి ముందే తెలుసుకోవాలి. ఇందులో స్ప్రింగు శక్తిని టిక్కు టిక్కుకూ కొంచెం కొంచెంగా వదిలే కో-యాక్సియల్ అమరికను జార్జ్ డేనియల్స్ అనే ఇంగ్లిష్ గడియారాల నిపుణుడు కనిపెట్టాడు, ఒమేగా 1999 నుంచి వాడుతోంది. పళ్ళ మధ్య రాపిడి తక్కువ కాబట్టి నూనె ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మా మెకానిక్ దీన్ని విప్పనన్నారు. "నా దగ్గర దీని పనిముట్లు లేవమ్మా, మీ నాన్నగారిది తెండి, ఎన్నిసార్లయినా చేస్తాను" అన్నారు. కంపెనీ సర్వీసు కేంద్రానికే పంపాలి. ఒక్కసారి సర్వీసుకు అయ్యే ఖర్చుతో మంచి కొత్త ఆటోమేటిక్ వాచీ వస్తుంది. కొన్న రోజున ఇచ్చేదే ధర అనుకునేవాళ్ళు ఇది కొనకూడదు.

పాత రూపం కోసం నిజంగా పాతవే కొనవచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. అసలు 1957 రైల్‌మాస్టర్ మన అందుబాటులో లేదు. మన పాత హెచ్‌ఎంటీలు ఉన్నాయి. ఆ కంపెనీ గడియారాల విభాగం మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చిన తర్వాత వాటి మీద ప్రేమ పెరిగింది, దాంతోపాటు నకిలీ పనులూ పెరిగాయి. ఇంటర్నెట్‌లో మెరిసిపోతూ కనిపించే జనతాల్లో చాలా వాటికి డయల్ మళ్ళీ రంగు వేసినది. అక్షరాల అంచులు మందంగా ఉన్నా, నిమిషాల గీతలు గుర్తులతో కలవకపోయినా, ఎరుపు, ఆకుపచ్చ లాంటి రంగుల్లో ఉన్నా నమ్మకండి. మీ ఇంట్లో బీరువా అడుగున ఒకటి పడి ఉంటే అది వీటన్నిటికంటే మేలు. ముందు దాన్ని బాగుచేయించండి.

లక్ష రూపాయల చుట్టుపక్కల పాత రూపం కావాలంటే సీకో వైపు చూడమంటాను. 1965లో సీకో చేసిన తొలి డైవింగ్ గడియారాన్ని ఆ మరుసటి ఏడాది నుంచి జపాన్ అంటార్కిటికా యాత్రికులు వాడారు. దాన్ని అచ్చంగా మళ్ళీ చేసి 2017లో 2,000, 2020లో 1,100 అమ్మారు. వాటి ధర చాలా ఎక్కువ. అదే 2020లో అదే రూపాన్ని కాస్త మార్చి, సంఖ్యా పరిమితి లేకుండా ఎస్‌పీబీ143 అనే రకం తెచ్చారు. 40.5 మిల్లీమీటర్లు, 200 మీటర్ల నీటి రక్షణ, 70 గంటల నడక. చెరువుల వాళ్ళకు అది ఎంతో నప్పుతుంది. ఇంకా తక్కువలో 1978 నాటి రూపంతో 2021లో వచ్చిన టిస్సో పీఆర్ఎక్స్ ఉంది. దానిమీద ఏ అంకె పరిమితీ లేదు, అందం తగ్గలేదు.

రైల్‌మాస్టర్ 1957 ఇప్పుడు దుకాణాల్లో కొత్తది దొరకదు. చేతులు మారినదే కొనాలి. అలా అయితే ఒకే పరిస్థితిలో కొనమని చెబుతాను: మీ మణికట్టుకు 38 సరిపోయి 40 సరిపోకపోతే. అప్పుడు కూడా విడుదలనాటి ధర కంటే ఎక్కువ ఇవ్వకండి. "అంకె ఉంది కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుంది" అని అమ్మేవాడు అంటే, అతను గడియారం అమ్మడం లేదు. కేసు మీద చెక్కిన నంబరు, హామీ కార్డు మీది నంబరు ఒకటో కాదో చూడండి. తీసిన లింకులు పెట్టెలో ఉన్నాయా, కేసు అంచులను మళ్ళీ సానపట్టి గుండ్రం చేశారా, చివరిసారి సర్వీసు ఎప్పుడు జరిగిందో కాగితం ఉందా అని అడగండి. సర్వీసు కాగితం లేకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. బయట దేశం నుంచి తెచ్చినదైతే ఇక్కడ సుంకం కట్టిన రసీదు తప్పనిసరి. అది చూపించలేకపోతే, అంకె ఎంత చిన్నదైనా సరే, నేను నా క్లయింట్లను ఆ బేరం దగ్గర కూర్చోనివ్వను.